మూడు వందల తొంభై దినాలు

"ఎక్స్ అంటే పత్తి" అని రాసింది సుజన.

గాబ్రియేలు సారు బెంచీల మధ్య నడుస్తూ వచ్చి ఆ వాక్యం మీద వేలు పెట్టి ఆగాడు. కోడుమూరులో డిగ్రీ రెండో సంవత్సరం లెక్కల తరగతి. జూన్ అయిపోవస్తున్నా వాన జాడ లేదు. పైన ఫ్యాను తిరుగుతోంది గాని గాలి కిందికి దిగడం లేదు.

"పత్తి అంటే ఏందమ్మా?"

"పంట సార్."

"పంటే. అయితే ఎకరాలా, క్వింటాళ్లా, మూటలా? లెక్క చేసినంక ఎక్స్ విలువ రెండు అని వచ్చిందనుకో. మీ నాయన దగ్గరికి పోయి రెండు పత్తులు ఏయమని చెప్తావా?"

తరగతి నవ్వింది. సుజన కూడా నవ్వి, రాసింది కొట్టేసి కింద మళ్లీ రాసింది: ఎక్స్ అంటే పత్తి వేసే నేల, ఎకరాల్లో.

"ఇప్పుడు అది చలరాశి" అన్నాడు సారు. బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్క తీసుకున్నాడు. "ఆదాయం ఎక్కువ రావాలంటే ఏం చేయాలి అనేది ప్రశ్న. దాంట్లో మనం పెంచగలిగింది, తగ్గించగలిగింది ఏదో అది చలరాశి. నేల ఇంతే ఉంది, నీళ్లు ఇంతే ఉన్నాయి, మనుషులు ఇంతమందే ఉన్నారు. ఇవి హద్దులు. ఏది మన చేతిలో ఉంది, ఏది లేదు అని తేల్చుకోకుండా సమీకరణాలు రాసినారంటే మొత్తం తప్పే."

బల్లలు, కుర్చీలు చేసే వడ్రంగి లెక్కలు పుస్తకంలో చాలానే ఉన్నాయని, అవి తనకు వద్దని చెప్పాడు. శుక్రవారానికి ఎవరింటి లెక్క వాళ్లు తయారుచేసుకుని రావాలి. ఇంట్లోవాళ్లను అడిగి నిజమైన అంకెలు తేవాలి.

సుజనకు అది సులువైన పనే అనిపించింది.

*

సాయంత్రం ఆమె ఊరు చేరేసరికి తండ్రి బసవన్న ఇంటి ముందర బండ మీద కూర్చుని డ్రిప్పు పైపులు బాగు చేస్తున్నాడు. ఉప్పునీళ్లకు పైపు కన్నాలు తెల్లగా పూడిపోయి ఉన్నాయి. ఒక్కో కన్నంలో పిన్నీసు పెట్టి తిప్పి, నోటితో ఊది, తర్వాతి కన్నానికి జరుగుతున్నాడు. సుజన సంచీ లోపల పెట్టి వచ్చి పైపు రెండో కొస పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"నాయనా, ఈసారి ఏమేమి ఏస్తావు?"

"నువ్వెప్పుడూ అడగనిది ఈపొద్దేమి అడుగుతాండావు?"

"కాలేజీలో లెక్క ఇచ్చినారు. మన చేను గురించే రాయాల."

బసవన్న ముఖం విప్పారింది. పిన్నీసు చొక్కా జేబుకు గుచ్చి, కాళ్లు చాపుకున్నాడు. "రాసుకో. బోరు కింద పారేది రెండెకరాలు. సీడు పత్తి అర ఎకరా ఏస్తా. మిగతాది ఎర్రగడ్డ. వీరభద్రకు మాట గూడా చెప్పినా. ఆదివారం ప్యాకెట్లు తెస్తాడు."

ఎర్రగడ్డ అంటే ఉల్లి, ఆ చుట్టుపక్కల అందరూ వేసేదే. వీరభద్ర విత్తన కంపెనీ తరఫున ఆ చుట్టుపక్కల ఊళ్లలో సీడు పత్తి వేయించే ఆర్గనైజరు. మామూలు పత్తి దూది కోసం వేస్తారు. సీడు పత్తి విత్తనం కోసం. పొద్దువాలే వేళ మొగ్గను బొటనవేలి గోరుతో చీల్చి, అందులోని పుప్పొడి కాడలను గిల్లేయాలి. మరుసటి రోజు పొద్దున వేరే సాళ్లలోని మగపువ్వు తెచ్చి దానికి అద్దాలి. చేన్లో ఎన్ని పూలు పూస్తే అన్ని పూలకూ చేత్తోనే చేయాలి. సెప్టెంబరులో మొదలైతే నవంబరు దాకా, ఆదివారం లేదు, పండగ లేదు.

"సీడు పత్తి ఎకరాకు ఎన్ని దినాల పని పడుతుంది?"

"ఒక మనిషి చేసేదయితే ఎకరాకు ఆర్నూరు దినాలు. ఎర్రగడ్డకు అంత లేదు. అరవై."

"మిగిలేది?"

"ఖర్చులన్నీ పోను సీడుకు ఎకరాకు రెండు లచ్చలు. ఎర్రగడ్డకు ధర నిలబడితే యాభై వేలు."

సుజన నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని వరసగా రాసింది. "మనకు మనుషుల దినాలు మొత్తం ఎన్నుండాయి?"

"మున్నూట తొంభై." ముందే లెక్క వేసుకున్నట్టు తడుముకోకుండా చెప్పాడు.

"ఎట్లా?"

"కూలోళ్లు నూటిరవై దినాలకు మించి దొరకరు. సీజనులో అందరికీ మనుషులు కావాల, యాడ నుంచి వస్తారు? మిగతాది ఇంటోళ్లం. మనిషికి తొంభై."

ఆమె నూట ఇరవై తీసేసింది. రెండు వందల డెబ్బై. తొంభైతో భాగించింది. మూడు అని రాసి, పెన్ను అక్కడే ఆపింది.

"ఇంటోళ్లంటే ఎవరెవరు నాయనా?"

బసవన్న పిన్నీసు తీసి మళ్లీ కన్నంలో పెట్టాడు. "నేను, మీ అమ్మ, నువ్వు."

లోపల సుజన తల్లి గిడ్డమ్మ జొన్నరొట్టె తడుతోంది. ఆ చప్పుడు ఒక్కసారి ఆగింది. మళ్లీ మొదలైంది.

"అన్న?"

"ఉమామహేశు సదువుకుంటాండాడు గదా కర్నూల్లో."

"నేనూ సదువుకుంటాండా గదా."

"నిన్ను మాన్పిస్తానన్యానా? వాడు ఆడ హాస్టల్లో ఉండాడు, నువ్వు ఇంటికాడి నుంచి పోతాండావు. మూడు నెల్లు నిలిస్తే ఏమైతాది? పరీచ్చలకు పో. ఎవరు వద్దన్యారు?"

"నూటికి డెబ్బయ్యయిదు హాజరు లేకపోతే పరీచ్చ రాయనీరు నాయనా. గవర్నమెంటు ఇచ్చే ఫీజు డబ్బులు గూడా రావు."

"చెప్పాల్సినట్లు చెప్తే సార్లు ఇంటారులే. ఆ కొస గట్టిగా పట్టుకో, జారిపోతాండాది."

కోపం ఏమీ లేదు ఆయన గొంతులో. రెండెకరాలు అన్నంత మామూలుగా చెప్పాడు. సుజన పైపు గట్టిగా పట్టుకుంది. ఆయన కన్నం ఊదితే ఉప్పుపొడి లేచి ఆమె నోటుబుక్కు మీద పడింది.

*

శుక్రవారం తెచ్చిన లెక్కల్లో చాలావరకు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. సుజన గ్రాఫు చూసి సారు ఆమెను బోర్డు దగ్గరికి పిలిచాడు.

ఎక్స్ అంటే సీడు పత్తి వేసే ఎకరాలు. వై అంటే ఎర్రగడ్డ వేసే ఎకరాలు. రెండూ కలిపి రెండుకు మించకూడదు. ఆరు వందల ఎక్స్, అరవై వై కలిపి మూడు వందల తొంభైకి మించకూడదు. రెండు గీతలు గీసి, అవి కలిసే చోట చుక్క పెట్టింది. అర ఎకరా సీడు పత్తి, ఎకరంన్నర ఎర్రగడ్డ. ఆదాయం లక్షా డెబ్బై అయిదు వేలు.

"మీ నాయన అర ఎకరా అనే చెప్పినాడా?"

"అవును సార్. గీతలు గీయకుండానే."

"చూసినారా!" అన్నాడు సారు తరగతి వైపు తిరిగి. "ఇరవై ఏండ్లు చేను చేసినాయన నోటి లెక్క ఇది. మనం గ్రాఫు కాగితం మీద కిందామీదా పడతాండాం." తర్వాత బోర్డు మీది మూడు వందల తొంభై కింద గీత గీశాడు. "ఇది ఎట్లా వచ్చిందో చెప్పమ్మా, అందరికీ తెలుస్తుంది."

"కూలీలవి నూట ఇరవై. ఇంట్లో ముగ్గురివి రెండు వందల డెబ్బై."

"ముగ్గురంటే?"

"మా నాయన, మా అమ్మ..." సుజన సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పింది. "నేను సార్."

వెనక ఎవరో బెంచీ జరిపారు. తరగతిలో పోయిన ఏడాది యాభై ముగ్గురు ఉండేవాళ్లు. సీడు పత్తి సీజను తర్వాత నలభై ఆరుగురు మిగిలారు. తగ్గిన ఏడుగురు ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు.

గాబ్రియేలు సారు చేతులకున్న సుద్దపొడి దులుపుకున్నాడు. గంట కొట్టాక ఆమెను ఆగమన్నాడు.

"నేను వచ్చి మీ నాయనతో మాట్లాడనా?"

"వద్దు సార్. సారును ఇంటిమీదికి తెచ్చినానని అవమానం అనుకుంటాడు."

సారు ఆమె నోటుబుక్కు తెరిచాడు. "అయితే ఒక పని చెయ్యి. మూడు వందల తొంభై కొట్టేసి మూడు వందలు పెట్టు. మళ్లీ చెయ్యి. నువ్వు లేకపోతే ఎంత తగ్గుతుందో ముందు నీకు తెలియాల. అది చేతిలో లేకుండా ఏం మాట్లాడతావు ఇంట్లో?"

బస్టాండులో నిలబడే చేసింది. సీడు పత్తి మూడో వంతు ఎకరా. ముప్పై మూడు సెంట్లు. ఆదాయం లక్షా యాభై వేలు.

*

బసవన్న చేన్లో రాళ్లు ఏరుతున్నాడు. ఎన్నేళ్లు ఏరినా ఆ నేలలోంచి రాళ్లు పైకి తేలుతూనే ఉంటాయి. సుజన సంచీ గట్టు మీద పెట్టి, ఓణీ కొంగులో రాళ్లు వేసుకుంటూ ఆయన వెంబడి నాలుగు సాళ్లు తిరిగింది. ఆ తర్వాత చెప్పింది.

"నేను లేకుండా చేసినా నాయనా. సీడు ముప్పై మూడు సెంట్లు ఏసి, మిగతాది ఎర్రగడ్డ ఏస్తే ఇరవై అయిదు వేలే తగ్గుతుంది."

"ఇరవై అయిదు వేలేనా?"

"అంతే. సీడు తగ్గినచోట ఎర్రగడ్డ పెరుగుతుంది గదా."

ఆయన చేతిలోని రాయిని గట్టు మీదికి విసిరి, గొంతుక్కూర్చున్నాడు. మట్టిగడ్డ ఒకటి తీసి వేళ్లతో నలిపాడు. అది పొడై రాలిపోయింది. సగానికి సగం పోతుందని అనుకున్నట్టున్నాడు.

"సరిగ్గా చూసినావా?"

"రెండుసార్లు చూసినా."

"సరే పో. ముప్పై మూడే చెప్దాం వీరభద్రకు. నువ్వు కాలేజీకి పో."

సుజన ఓణీలోని రాళ్లు ఉన్నపళాన కుమ్మరించి, సంచీ భుజానేసుకుని ఇంటి దాకా దాదాపు పరుగెత్తింది.

గిడ్డమ్మ చేటలో కందిబేడలు చెరుగుతోంది. ఆమె కుడిచేతి బొటనవేలి గోరు మిగతావాటిలా ఉండదు. మొగ్గలు చీల్చి చీల్చి మందంగా, నల్లగా, నడుమ గాడి పడి ఉంటుంది. కూతురు చెప్పిందంతా విని, ఆ గోటితోనే బేడల్లోంచి మట్టిపెళ్ల ఒకటి తీసి పారేసింది.

"నీ లెక్కలో నాకెన్ని దినాలు రాసినావు?"

"తొంభై."

"కూలోళ్లకు?"

"నూట ఇరవై."

"ఒక దినం కూలోళ్లు రాకుంటే?"

"వస్తారనుకోనే చేస్తారమ్మా లెక్క."

"అనుకోని" అంది గిడ్డమ్మ. చేట మళ్లీ ఎత్తింది. కాసేపటికి అంది: "నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు, పొద్దున రెండు గంటలే అన్యారు. పూలు అద్ది ఇస్కూలుకు పోవచ్చు అన్యారు."

సుజన ఆ మాట పట్టించుకోలేదు. ఆమె కళ్ల ముందు గ్రాఫు కాగితం, దాని మీద కొత్త చుక్క ఉన్నాయి.

*

ఆదివారం పొద్దున వీరభద్ర మోటారుసైకిలు మీద వచ్చాడు. ట్యాంకు మీది సంచీలోంచి ఆడ విత్తనం ప్యాకెట్లు, మగ విత్తనం ప్యాకెట్లు తీసి బండ మీద వేరువేరుగా పేర్చాడు. సుజన ఆయనకు మజ్జిగ ఇచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఏమప్పా బసవన్నా, అర ఎకరా అని చెప్పి ఫోన్లో ముప్పై మూడు సెంట్లు అంటావు? అదేం లెక్క?"

"మా పాప చేసిన లెక్కన్నా. ఆయమ్మికి కాలేజీ ఉండాది." ఆ మాట అనేటప్పుడు బసవన్న గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

"సదువుకున్నోళ్లు ఉంటే ఇట్లే." వీరభద్ర నవ్వి కాగితాలు తీశాడు. "పోనీలే. ముప్పై అయిదు రాసుకుంటా. రెండు సెంట్ల కాడ ఏముండాది. ఈడ సంతకం పెట్టు."

బసవన్న పెన్ను తీసుకున్నాడు.

"వద్దు."

గిడ్డమ్మ లోపలి నుంచి వచ్చి గడప ఇవతల నిలబడింది. చేతికి పిండి అంటుకుని ఉంది. బయటివాళ్ల ముందర ఆమె మాట్లాడ్డం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"ఏమి వద్దు?" అన్నాడు బసవన్న.

"సీడు వద్దు. ముప్పై మూడు గాదు, ఒక్క సెంటు గూడా వద్దు. మొత్తం ఎర్రగడ్డే ఏసుకుందాం."

"ఏమే, తెలిసే మాట్లాడతాండావా? అంతా అనుకున్న్యాం గదా!"

"మీరు అనుకున్న్యారు. నేను మన చేన్లో మొగ్గ గిల్లను." గొంతు పెంచలేదు. వీరభద్ర వైపు తిరిగింది. "అన్నా, ఈయప్ప సంతకం పెడితే పెట్టించుకో. చేసే మనిషి లేదని నేను ముందే చెప్తాండా. రేపు పంట చెడితే నన్ను అనొద్దు."

గిడ్డమ్మ లేకుండా ఆ ఇంట్లో సీడు పత్తి లేదు. ఊళ్లో ఆమె అంత వేగంగా మొగ్గ గిల్లేవాళ్లు ఇద్దరో ముగ్గురో. అది బసవన్నకు తెలుసు, వీరభద్రకు ఇంకా బాగా తెలుసు. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ప్యాకెట్లు ఒక్కొక్కటే మళ్లీ సంచీలో సర్దుకున్నాడు.

"ఇంట్లో తేల్చుకోని చెప్పు బసవన్నా. ఈ ప్యాకెట్లకు నేను తిరగాల్సిన పనిలేదు, అడిగేటోళ్లు నలుగురుండారు" అని, నవ్వీ నవ్వనట్టు నవ్వి బండి తీశాడు.

బసవన్న చేతిలో వీరభద్ర పెన్ను ఉండిపోయింది. దాన్ని బండ మీద పెట్టి, చెప్పులేసుకోకుండానే చేనివైపు వెళ్లిపోయాడు.

సుజన అమ్మ వెంబడి లోపలికి వచ్చింది. "నాయన ఒప్పుకున్న్యాడు గదమ్మా! నేను కాలేజీకి పోతానంటే ఒప్పుకున్న్యాడు. లచ్చా యాభై వేలు వచ్చేది. ఇప్పుడు లచ్చ. నడుమ నువ్వెందుకు వచ్చినావు?"

గిడ్డమ్మ పిండిచెయ్యి కడుక్కుంది. "బువ్వ తిను" అంది.

*

రెండు రోజులు బసవన్న అన్నం చేనికే తెప్పించుకున్నాడు. తెచ్చిపెట్టింది సుజనే. ఆయన తిన్నంతసేపూ ఆమె పక్కన రాళ్లు ఏరింది. ప్యాకెట్లను వెనక వీధి నరసింహ తీసుకున్నాడని, ఆయన అర ఎకరాకూ సంతకం పెట్టాడని సోమవారం సాయంత్రానికే తెలిసింది.

బుధవారం పొద్దున సుజన సంచీ తీసుకుని బయలుదేరుతుంటే బసవన్న పిలిచాడు. పైపు చుట్ట భుజాన వేసుకుని ఉన్నాడు. ఆమె వైపు చూడకుండా అడిగాడు:

"సాయంత్రం బస్సు ఎన్ని గంటలకు?"

"అయిదుంబావుకు నాయనా."

"అంగట్లో ఎర్రగడ్డ ఇత్తనం ఎంతకుండాదో అడిగి రా. రెండెకరాలకు."

"అట్లనే."

రోడ్డు మీదికి వచ్చేసరికి అక్కడ ఆటో ఒకటి ఆగి ఉంది. పది పన్నెండు మంది ఆడవాళ్లు ఇరుకిరుగ్గా కూర్చున్నారు. చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు, తలలకు తుండుగుడ్డలు, ఒళ్లో సద్దిగిన్నెలు. ఆ కొసన కూర్చున్నది గిడ్డమ్మ. పొద్దున్నే సద్ది కట్టుకుని ఎటో పోయిందని మాత్రమే సుజనకు తెలుసు.

"యాడికి పోతాండావమ్మా?"

"నరసింహోళ్ల చేనికి. ఇత్తనం గుచ్చేకి."

"సీడుకా?"

"ఊఁ. కార్తీకం దాకా ఒప్పుకున్న్యా."

కూలి ఎంతిచ్చినా ఆ ముప్పై మూడు సెంట్ల మీద వచ్చేంత రాదు. సుజన ఆ లెక్క అక్కడికక్కడే మనసులో వేసుకుంది. "మనకు వద్దని చెప్పి, ఆ ప్యాకెట్లకే కూలికి పోతావా?"

గిడ్డమ్మ ఆటో దిగి వచ్చింది. కూతురు భుజం మీద సంచీ పట్టీ మెలిపడి ఉంటే సరిచేసింది.

"ఆడయితే పొద్దుగూకితే ఇంటికి పొమ్మంటారు. ఒక మనిషి తక్కువైతే వాళ్ల బాధ వాళ్లు పడతారు. నిన్నెవరూ పిలవరు" అంది. "మన చేనయితే అట్లగాదు సుజనా. మనిషి రాలేదని పూలు ఆగవు. ఆ దినం మీ నాయన పొద్దున్నే నీ మొగం దిక్కు చూస్తాడు. నోరు తెరిచి అడగను గూడా అడగడు. నువ్వే పుస్తకాలు ఆడ పెట్టి వస్తావు. ఒక దినం, రెండు దినాలు... మా అమ్మ గూడా నన్ను రమ్మని అడగలేదు."

ఆటో అతను హారను కొట్టాడు. గిడ్డమ్మ వెళ్లి ఆ కొసన మళ్లీ సర్దుకు కూర్చుంది. అప్పుడే మలుపులో కోడుమూరు బస్సు కనిపించింది.

"ఎక్కు. నిలబడకుండా సీటు దొరుకుతాదేమో చూడు" అని కేకేసింది లోపలి నుంచి.

సుజన ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ముందు పోతున్న ఆటో కొంతదూరం పోయాక తారురోడ్డు వదిలి మట్టిబాటలోకి తిరిగింది. ఎర్రటి దుమ్ము లేచింది. బస్సు దాన్ని దాటేటప్పుడు సుజన కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. అందరూ ఒకేలాంటి పాత చొక్కాలు తొడుక్కుని, ఒకేలా తలలు చుట్టుకుని ఉన్నారు. ఆ దుమ్ములో అమ్మ ఎవరో ఆమెకు తెలియలేదు.